తరగతి గదిలో కథ, నాటకం: ఒక్క పీరియడ్‌లో పాఠంగా నడిపించే విధానం

పిల్లల చేత నాటకం వేయిస్తూ పాఠం ఎలా చెప్పాలో వివరంగా రాయమని తోటి ఉపాధ్యాయులు కొంతకాలంగా అడుగుతున్నారు. అందరి ఇబ్బందులూ దాదాపు ఒక్కటే. తరగతిలో నలభై మందికి పైగా పిల్లలు, పీరియడ్ నలభై అయిదు నిమిషాలు, బెంచీలు కదిపేందుకు చోటు ఉండదు, గోడకు అవతల లెక్కల సార్ పాఠం చెబుతుంటారు, సిలబస్ మిగిలిపోతుందన్న భయం ఉండనే ఉంటుంది. ఈ ఇబ్బందుల మధ్యనే పని జరగాలి గనుక వేషాలు, వేదిక, మైకు ఏవీ లేకుండా మామూలు గదిలో చేయగలిగిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

వార్షికోత్సవంలో వేసే నాటకం వేరు, పాఠంలో వేసే నాటకం వేరు. అక్కడ చూసేవారి కోసం వేస్తాము. ఇక్కడ వేసేవారి కోసమే వేస్తాము, అసలు చూసేవారంటూ ఎవరూ మిగలకూడదు.

ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ల క్రితం ఒక చరిత్ర పాఠానికి రెండు వారాలు రిహార్సల్ చేయించాను, అట్టలతో కిరీటాలు కూడా చేయించాను. ఆరుగురు పిల్లలు సంభాషణలు అప్పజెప్పారు, మిగతా వారంతా చప్పట్లు కొట్టారు. తరువాత యూనిట్ టెస్టులో రాజు కోటను ఎందుకు కోల్పోయాడన్న ప్రశ్నకు రాజు వేషం వేసిన బాబే జవాబు రాయలేకపోయాడు. వాడికి తన మాటలు వచ్చు, ఎదుటివాడి మాట ఎక్కడ ముగుస్తుందో కూడా వచ్చు, రాజు ఏ చిక్కులో ఉన్నాడో మాత్రం తెలియదు. ఆ రోజు నుంచి పిల్లలకు సంభాషణలు రాసివ్వడం మానేశాను.

## 1. ముందుగా ఒక ప్రశ్న రాసుకోండి

నాటకం మొదలు పెట్టేముందు, ఆ పీరియడ్ చివర పిల్లలు దేనికి జవాబు చెప్పగలగాలో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. "మూసీ వరదల గురించి తెలుసుకోవడం" అన్నది ప్రశ్న కాదు, పాఠం పేరు మాత్రమే. "నది పొంగుతోందని తెలిసినా కొందరు ఇల్లు ఎందుకు వదలలేదు?" అన్నది ప్రశ్న. మొదటిది రాసుకుంటే పిల్లలు అరుపులూ పరుగులూ చేస్తారు. రెండోది రాసుకుంటే ఆలోచిస్తారు.

సాంఘిక శాస్త్రంలోనూ భాషా పాఠాల్లోనూ ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా జవాబు చెప్పేందుకు వీలున్న ప్రశ్న ఎంచుకోవాలి. సైన్సులో సరైన జవాబు ఒక్కటే ఉంటుంది గనుక "ఇది జరగకపోతే ఏమవుతుంది?" అన్న రూపంలో అడగాలి. ప్రశ్నను బోర్డు మీద ఒక మూల రాసి, చుట్టూ గీత గీసి, పీరియడ్ అయ్యేదాకా చెరపకుండా ఉంచాలి. ఆట దారి తప్పినప్పుడల్లా దాని వైపు వేలు చూపిస్తే చాలు.

## 2. పాఠానికి తగిన రూపం ఎంచుకోండి

ఒకదాని తరువాత ఒకటి జరిగే క్రియలకు, అంటే జలచక్రం, జీర్ణక్రియ, రక్త ప్రసరణ వంటి వాటికి, పిల్లలే భాగాలుగా మారి కదిలే నమూనా సరిపోతుంది. మనుషులు నిర్ణయాలు తీసుకున్న సంఘటనలకు పాత్రలతో నడిచే నాటకం కావాలి. పద్యానికీ గేయానికీ బొమ్మలా నిలబడే దృశ్యం చాలు. పునశ్చరణకు బుర్రకథ పద్ధతిని మించినది నాకు ఇంతవరకు దొరకలేదు, దాని గురించి ఎనిమిదో భాగంలో రాశాను.

నిర్వచనాలు, సూత్రాల సాధన, పటంలో ప్రదేశాలు గుర్తించడం వంటి వాటికి నాటకం వద్దు. వాటిని మామూలుగా చెబితేనే త్వరగా వస్తాయి. నెలకు ఒక్కో సబ్జెక్టులో ఒకటి రెండు పాఠాలు ఈ విధంగా చేస్తే చాలునని నా అభిప్రాయం.

## 3. సన్నాహం

చోటు. బెంచీలు కదిలేవైతే గోడలకు జరిపించాలి. ఈ పనిని కూడా సాధన చేయించాలి, మొదటిసారి పది నిమిషాలు పట్టినా నాలుగోసారికి రెండు నిమిషాల్లో అయిపోతుంది. కదలని బెంచీలైతే వాటి మధ్య దారిని, బోర్డు ముందున్న జాగాను, వరండాను వాడుకోవాలి. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాక హైదరాబాద్ ఎండలో మైదానం పనికిరాదు. ఆ నెలల్లో బయట చేయాలనుకుంటే మొదటి పీరియడ్‌లోనే, చెట్టు నీడలోనే చేయించాలి.

సంకేతం. నాటకం కంటే ముందు నేర్పవలసింది ఆగడం. స్టీలు పళ్లెం మీద గరిటెతో ఒక్క దెబ్బ కొడితే అందరూ ఉన్నచోట కదలకుండా ఆగాలి, రెండు దెబ్బలకు మళ్లీ కదలాలి, మూడు దెబ్బలకు కూర్చోవాలి. మొదటి రోజు పాఠమేమీ లేకుండా పది నిమిషాలు ఈ ఆటే ఆడించండి. గొంతు చించుకుని "నిశ్శబ్దం" అనవలసిన అవసరం తరువాత సంవత్సరమంతా రాదు.

పక్క గది. ముందు రోజే చెప్పి ఉంచాలి. ఏ పీరియడ్‌లో చప్పుడు వస్తుందో తెలిస్తే ఎవరూ ఇబ్బంది పడరు. చెప్పకపోతే ఫిర్యాదు హెచ్.ఎం. గదికి చేరుతుంది, ఆ తరువాత మీరు చేసే మంచి పనిని కూడా అనుమానంగానే చూస్తారు.

ముందు రోజు సాయంత్రం చూసుకోవలసినవి:

- ప్రశ్న ఒక్క వాక్యంలో రాశానా?
- పిల్లలందరికీ పని ఉందా, ఊరికే చూస్తూ కూర్చునేవారు ఎవరైనా మిగిలారా?
- జట్టుకు నలుగురు లేదా అయిదుగురు చొప్పున పేర్లు రాసుకున్నానా?
- చున్నీలు గానీ తువ్వాళ్లు గానీ ఆరు, అయిదు మీటర్ల తాడు ఒకటి, రంగు సుద్దముక్కలు, పాత చార్టు ముక్కలు, పళ్లెం, గరిటె ఉన్నాయా?
- చివరి పది నిమిషాలు రాతకు మిగిలేలా కాలం పంచుకున్నానా?

ఇందులో ఆఖరి అంశాన్ని వదిలేసేవారు ఎక్కువ. నాటకం అయ్యాక పిల్లలు కూర్చుని రాసే పది నిమిషాల్లోనే చూసినదీ చేసినదీ పాఠంగా మారుతుంది. సమయం చాలకపోతే నాటకాన్ని కుదించండి, రాతను మాత్రం కుదించవద్దు.

## 4. కథ చెప్పడం

నాటకానికి ముందు ఉపాధ్యాయుడు చెప్పే కథ ఆరేడు నిమిషాలకు మించకూడదు. దానిని బట్టీపట్టి చెబితే మధ్యలో ఒక మాట మరిచిపోయినప్పుడు కథ అంతా ఆగిపోతుంది. అందుకని కథను అయిదు దృశ్యాలుగా మనసులో పెట్టుకోవాలి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం కచ్చితంగా నోటికి రావాలి. నడుమ ఉన్నదంతా పిల్లల ముఖాలు చూస్తూ అప్పటికప్పుడు చెప్పాలి.

మొదటి వాక్యంలో చోటు, సమయం, ఒక మనిషి, ఒక చిక్కు ఉండాలి. "అనగనగా ఒక ఊరు" అని పెద్ద తరగతి వారికి మొదలు పెడితే అక్కడే చెవులు మూసుకుంటారు. "సోమవారం తెల్లవారుజామున అఫ్జల్‌గంజ్‌లో ఒక జట్కా వాడు గుర్రాన్ని విప్పబోతే, గుర్రం మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి ఉంది" అంటే తరగతి ముందుకు వంగుతుంది.

మన ఒగ్గుకథలో కథకుడు ఒక మాట అనగానే పక్కవారు వంత పలుకుతారు. దానిని తరగతిలోకి అలాగే తెచ్చుకోవచ్చు. కథలో మూడు నాలుగు సార్లు వచ్చే ఒక వాక్యాన్ని ఎంచుకుని, నేను చెయ్యి ఎత్తినప్పుడల్లా మీరంతా అనాలి అని చెప్పండి. నీటి కథకు "నీళ్లు ఇంకా పెరిగినయి" అన్న వంత సరిపోతుంది. మొదటిసారి మెల్లగా, తరువాత కొంచెం పెద్దగా, చివరిసారి గుసగుసగా అనిపిస్తే చాలు, వేరే వాద్యం అక్కర్లేదు.

కథను ముగించవద్దు. నిర్ణయం తీసుకోవలసిన చోట ఆపేయాలి. ఆపిన చోటు నుంచే నాటకం మొదలవుతుంది.

చిన్న తరగతులకు చేర్యాల పటాల పద్ధతి బాగా పనిచేస్తుంది. సిద్దిపేట జిల్లా చేర్యాల కళాకారులు వేసే పటంలో కథ పై నుంచి కిందికి, ఎర్రని నేపథ్యం మీద, వరుస దృశ్యాలుగా సాగుతుంది. చుట్ట విప్పుతూ కథ చెబుతారు. నాలుగు చార్టులు నిలువుగా అతికించి, ఒక్కో జట్టుకు ఒక్కో గడి ఇచ్చి బొమ్మ వేయించి, రెండు కర్రలకు చుట్టి, గడి విప్పిన కొద్దీ ఆ జట్టు చేతనే కథ చెప్పించాలి. సంఘటనల క్రమం తెలియని పిల్లవాడికి ఇంతకంటే తేలికగా క్రమం నేర్పే మార్గం లేదు.

## 5. మొదటి వారం: బొమ్మలా నిలబడడం

ఎప్పుడూ నాటకం వేయని తరగతిని ఒకేసారి పాత్రల్లోకి దింపకూడదు. పిల్లలకు "స్టాచ్యూ" ఆట ముందే తెలుసు. అక్కడి నుంచే మొదలు పెట్టండి.

1. పాఠంలోని ఒక వాక్యం ఒక్కో జట్టుకు ఇవ్వండి.
2. ఆ వాక్యానికి సరిపోయే దృశ్యంగా కదలకుండా, మాట్లాడకుండా నిలబడేందుకు రెండు నిమిషాలు ఇవ్వండి.
3. పళ్లెం మీద కొట్టగానే జట్టు నిలబడాలి. మిగతావారు అది ఏ వాక్యమో పుస్తకంలో వెతికి పట్టుకోవాలి.
4. నిలబడినవారిలో ఒకరి భుజాన్ని మెల్లగా తాకండి. ఆ పాత్ర మనసులో ఆ క్షణాన ఏముందో ఆ పిల్లవాడు ఒక్క మాటలో చెప్పాలి.

మూడో అంశం వల్ల కూర్చున్నవారంతా పాఠాన్ని మళ్లీ చదువుతారు. రెండు మూడుసార్లు చదవమంటే చదవని పిల్లలు కూడా ఇక్కడ వాక్యం కోసం వెతుకుతారు. నాలుగో అంశంలో సిగ్గుపడే పిల్లలు సైతం ఒక మాట పలుకుతారు, ఎందుకంటే అది వారి మాట కాదు, పాత్ర మాట.

## 6. ఒక పూర్తి ఉదాహరణ: 1908 మూసీ వరద, రెండు పీరియడ్లు

ఎనిమిది, తొమ్మిది తరగతులకు దీనిని నేను చాలాసార్లు చేశాను. మన ఊరి సంగతి కావడం వల్ల పిల్లలు ఆ చోట్ల పేర్లు ఎరుగుదురు, రోజూ ఆ వంతెనల మీదుగానే బస్సులో వస్తారు.

ఉపాధ్యాయుడు ముందుగా గుర్తుంచుకోవలసిన వివరాలు ఇవి. 1908 సెప్టెంబర్ 28న, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో, మూసీ పొంగి హైదరాబాద్ నగరాన్ని ముంచింది. దాదాపు 15,000 మంది చనిపోయి ఉంటారని అంచనా. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు కాపాడుకున్నారని చెబుతారు. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద నివారణకు ప్రణాళిక వేయించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ జలాశయం 1920లోనూ, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ జలాశయం 1927లోనూ పూర్తయ్యాయి.

చివరి మూడు సంగతులు మొదటి పీరియడ్‌లో చెప్పవద్దు. పరిష్కారం ముందే తెలిస్తే పిల్లలు చిక్కును చిక్కుగా తీసుకోరు.

### మొదటి పీరియడ్

మొదటి ఏడు నిమిషాలు. కథ చెప్పండి. నీళ్లు ఇంటి గడప తాకిన చోట ఆపండి.

తరువాతి అయిదు నిమిషాలు. జట్టులోని అయిదుగురు ఒక కుటుంబం. నడవలేని ముసలివారు ఒకరు, చిన్నపిల్ల ఒకరు తప్పనిసరిగా ఉండాలి. మిగతావారు ఎవరో, ఇంట్లో ఏ పని మీద బతుకుతున్నారో జట్టే నిర్ణయించుకుని చీటీ మీద రాయాలి. బేగంబజార్‌లో కొట్టు ఉన్నవారు, జట్కా నడిపేవారు, బట్టలు ఉతికేవారు, ఇలా ఒక్కో కుటుంబానికి ఒక్కో వృత్తి ఉంటే తరువాత నిర్ణయాలు వేరువేరుగా వస్తాయి.

తరువాతి ఎనిమిది నిమిషాలు. ఇప్పుడు మీరే ఒక పాత్రలోకి వెళ్లాలి. భుజం మీద తువ్వాలు వేసుకుని, గస్తీ తిరిగే మనిషిగా వచ్చి, "నది గట్లు దాటుతోంది, మిట్టకు పొండి, మూడు వస్తువులకు మించి మోయొద్దు" అని చెప్పండి. నటన రాదని భయపడవద్దు. తువ్వాలు వేసుకుంటే పాత్ర, తీసేస్తే టీచర్ అని పిల్లలకు ముందే చెప్పి ఉంటే చాలు. కుటుంబాలు ఉండాలా పోవాలా, ఏ మూడు వస్తువులు తీసుకోవాలో తేల్చుకుంటాయి. పళ్లెం మోగగానే ఆ క్షణాన బొమ్మలా నిలబడతాయి.

తరువాతి పన్నెండు నిమిషాలు. నేల మీద సుద్దతో ఒక వలయం గీయండి, అది చింతచెట్టు. ఒకేసారి పన్నెండు మందికే చోటుంది. ఎవరు ముందు ఎక్కాలి? ఇక్కడ తోపులాట జరిగే వీలుంది గనుక నడిచే వెళ్లాలి, ఎవరినీ తాకి లాగకూడదు, మాటతోనే ఒప్పించాలి అని గట్టిగా చెప్పండి.

ఒకసారి ఈ ఘట్టంలో ఒక అమ్మాయి వలయం బయటే నిలబడిపోయి, "టీచర్, మా అవ్వ చెట్టెక్కలేదు గదా, నేను గూడ కిందనే ఉంటా" అన్నది. గది నిశ్శబ్దమైపోయింది. వెంటనే మెచ్చుకోవాలనిపించింది, కానీ మెచ్చుకుంటే మిగతావారు అదే జవాబును అందుకుంటారు. "మీ ఇంట్లోవాళ్లు ఏమంటారు?" అని మాత్రం అడిగాను. ఆమె జట్టులోని అబ్బాయి తన చేతిలోని చున్నీని తాడులోకి ముడివేస్తూ, "ఊకె ఉంటే ఎట్ల? దీన్ని నడుముకు కట్టి అవ్వను పైకి గుంజుదాం, పైనున్నోళ్లు పట్టుకోవాలె" అన్నాడు. అప్పటిదాకా చెట్టు మీద తమ చోటు కోసం వాదిస్తున్న రెండు కుటుంబాలు తాడు పట్టుకునేందుకు జరిగాయి. ఈ మాటలు నేను రాసివ్వగలిగినవి కావు.

చివరి పది నిమిషాలు. తువ్వాలు తీసి మడత పెట్టండి, మూడు దెబ్బలు కొట్టండి. అందరూ కూర్చుని నోటు పుస్తకంలో ఒక్క ప్రశ్నకు జవాబు రాస్తారు: "మా కుటుంబం ఏ నిర్ణయం తీసుకుంది, ఎందుకు?" మాట్లాడకుండా రాయించండి.

### రెండో పీరియడ్

బోర్డు ముందు ఒక కుర్చీ వేయండి, దానికి జవాబుల కుర్చీ అని పేరు పెట్టుకోండి. అందులో కూర్చున్నవారు పాత్రగానే జవాబు చెప్పాలి. కొట్టు వదిలి రాని వర్తకుడు, చెట్టు మీద రాత్రి గడిపిన తల్లి, గస్తీ మనిషి, వరద తరువాత వచ్చిన ఇంజినీరు వరుసగా కూర్చుంటారు. మిగతా తరగతి పత్రికా విలేకరులు. ఒక్కొక్కరికీ మూడు ప్రశ్నలకు మించి వద్దు. అవునో కాదో చెప్పి తప్పించుకునే ప్రశ్నలు అడగకూడదన్న నియమం పెడితే ప్రశ్నల నాణ్యత మారిపోతుంది.

ఇంజినీరు కుర్చీ దిగాక, "మళ్లీ ఇలా జరగకుండా మీరైతే ఏం చేస్తారు?" అని జట్లను అడగండి. వంతెనలు ఎత్తుగా కట్టాలని, గట్లు పెంచాలని, మనుషులను దూరంగా పంపాలని చెబుతారు. ఒక జట్టు తప్పకుండా నీళ్లను పైనే ఆపాలంటుంది. అప్పుడు జంట జలాశయాల సంగతి పుస్తకంలో చదివించండి. తాము అనుకున్నదే అచ్చులో కనిపించినప్పుడు ఆ పేరాను పిల్లలు మరిచిపోరు.

2020 అక్టోబర్‌లో నగరంలో వచ్చిన వరదల్లో ఇళ్లు మునిగిన పిల్లలు మీ తరగతిలో ఉండవచ్చు. ముందుగా కనుక్కోండి. అలాంటి పిల్లవాడికి నాటకంలో పాత్ర వద్దంటే కాలం చూసి పళ్లెం కొట్టే పని ఇవ్వండి. తనకు జరిగింది చెప్పమని అందరి ముందు ఎన్నడూ అడగవద్దు. వాడే చెబితే విని, కృతజ్ఞత చెప్పి ముందుకు సాగండి.

## 7. సైన్సు: నేల మీద గుండె

రక్త ప్రసరణను పటంలో చూసి బాణం గుర్తులు బట్టీపట్టే పిల్లలకు ఇది ఎంతో మేలు చేస్తుంది. వరండాలో సుద్దతో నాలుగు గదులు గీయండి: పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. పుస్తకంలోని పటం మనకు ఎదురుగా ఉన్న మనిషిది గనుక, అతని కుడి మన ఎడమ వైపు ఉంటుంది. ఒక పిల్లవాడిని ఎదురుగా నిలబెట్టి, అతని కుడి చెయ్యి ఎటు ఉందో చూపించాకే గదులకు పేర్లు రాయండి.

రక్తంగా నడిచే పిల్లలు కుడి కర్ణికలోకి వచ్చి, కుడి జఠరికకు దిగి, పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు వెళ్తారు. అక్కడ కార్బన్ డయాక్సైడ్ చీటీ ఇచ్చి ఆక్సిజన్ చీటీ తీసుకుంటారు. పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు, బృహద్ధమని గుండా శరీరానికి వెళ్లి, ఆక్సిజన్ చీటీని అక్కడి కణాలకు ఇచ్చి, కార్బన్ డయాక్సైడ్ చీటీ తీసుకుని తిరిగి వస్తారు. చీటీలకు నీలం, ఎరుపు రంగులు వాడితే, రక్తం నిజంగా నీలంగా ఉండదని, పటంలో తేడా చూపేందుకే ఆ రంగు వేస్తారని తప్పక చెప్పండి.

నాలుగు కవాటాల దగ్గర ఇద్దరేసి పిల్లలు చేతులు తలుపుల్లా పెట్టి నిలబడాలి. తలుపు ఒక వైపుకే తెరుచుకోవాలి. డప్పు ఉన్న పిల్లవాడు రెండు దెబ్బలు కొడతాడు. "లబ్" అన్న దెబ్బకు కర్ణికలకు, జఠరికలకు నడుమ ఉన్న తలుపులు మూసుకుంటాయి. "డబ్" అన్న దెబ్బకు జఠరికల నుంచి బయటికి వెళ్లే దారుల్లోని తలుపులు మూసుకుంటాయి. గుండె చప్పుడు కవాటాలు మూసుకునే చప్పుడే అన్న సంగతి చేతులతో మూసిన పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

మొదట ఆరుగురితో మెల్లగా నడిపించండి. పిల్లలు సాధారణంగా కుడి పక్క అంతా అయ్యాక ఎడమ పక్క పని చేస్తుందనుకుంటారు. రెండు కర్ణికలు ఒకేసారి, రెండు జఠరికలు ఒకేసారి సంకోచిస్తాయి గనుక రెండు పక్కలా పిల్లలు ఉండేలా చూసుకుని, ఒకే దెబ్బకు కదిలించండి. తరువాత ఒక తలుపును మూసుకోవద్దని చెప్పి, ఏమవుతుందో ముందుగా ఊహించి రాయమని, ఆపైన నడిపించి చూడండి. రక్తం వెనక్కి తిరిగి, గదిలో గుంపు పెరిగి, పిల్లలే "టీచర్, ఇక్కడ జాగ లేదు" అని అరుస్తారు.

## 8. పునశ్చరణకు బుర్రకథ పద్ధతి

బుర్రకథలో ముగ్గురుంటారు. తంబుర పట్టిన కథకుడు కథ నడుపుతాడు, వంతలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం, అంటే నేటి లోకం సంగతులు, కలుపుతారు. ఈ మూడు పనులనూ పునశ్చరణకు ఇలా మార్చుకోవచ్చు.

- కథకుడు పాఠాన్ని ముక్కలు ముక్కలుగా చెబుతాడు.
- హాస్యగాడు ప్రతి ముక్కనూ కావాలనే తప్పుగా అర్థం చేసుకుంటాడు. కథకుడు సరిదిద్దాలి.
- మూడోవారు "ఇది మన బస్తీలో ఎక్కడ కనిపిస్తుంది?" అని అడుగుతారు.

తరగతి అంతా "తందాన తాన" అని వంత పలుకుతుంది. ఇందులో అసలు చదువు హాస్యగాడిదే. తప్పును నవ్వొచ్చేలా చెప్పాలంటే సరైనది క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. అందుకే ఆ పనిని అల్లరి పిల్లవాడికి ఇవ్వండి, ముందు రోజు రాత్రి వాడు పుస్తకం తెరుస్తాడు.

## 9. పాత్రల పంపకంలో జాగ్రత్తలు

నల్లగా ఉన్న పిల్లవాడికి రాక్షసుడు, లావుగా ఉన్నవాడికి తిండిపోతు, పేదింటి పిల్లకు పనిమనిషి పాత్ర ఇవ్వడం ఇప్పటికీ చూస్తున్నాను. ఆ పేరు ఆ పిల్లలను ఏళ్ల తరబడి వెంటాడుతుంది. పాత్రలను చీటీలు తీసి పంచండి, ప్రతిసారీ మార్చండి. అమ్మాయిలు ఇంజినీరుగా, అబ్బాయిలు తల్లిగా కూర్చోవచ్చు. కులాన్నీ మతాన్నీ కించపరిచే యాసలు, సైగలు వస్తే వెంటనే పళ్లెం కొట్టి ఆపండి.

ఎవరినీ బలవంతంగా నటింపజేయవద్దు, పాత్రను శిక్షగా వాడవద్దు. పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. అందరి ముందు నవ్వులపాలు చేయడం కూడా పిల్లల విషయంలో వేధింపే అవుతుంది.

భాష విషయంలో నా పట్టుదల ఒకటుంది. మన తరగతుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవారితో పాటు ఉర్దూ, లంబాడీ, మరాఠీ, హిందీ మాట్లాడే పిల్లలూ ఉంటారు. పాత్రలో ఉన్నప్పుడు ఇంటి భాషలో, ఇంటి యాసలో మాట్లాడనివ్వండి. పాఠ్యపుస్తక భాష రాత సమయంలో వస్తుంది. మాట పలికే క్షణంలోనే సరిదిద్దితే పిల్లవాడు మాటను సరిచేసుకోడు, మాట్లాడడమే మానేస్తాడు.

## 10. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, సవరణలు

అందరూ నవ్వుతున్నారు, ఎవరూ పాత్రలో లేరు. పని మరీ పెద్దదై ఉంటుంది. ఆపి, ఒక్క బొమ్మ దృశ్యానికి తగ్గించండి.

ఇద్దరు ముగ్గురే మాట్లాడుతున్నారు. ఒక్కొక్కరికీ మూడు చింతగింజలు ఇవ్వండి. మాట్లాడినప్పుడల్లా ఒకటి మధ్యలో పెట్టాలి. గింజలు అయిపోయినవారు మిగతావారి గింజలు అయ్యేదాకా వినాలి.

ప్రతి దృశ్యం కొట్లాటగా మారుతోంది. దెబ్బలకు బదులు, దెబ్బకు ముందు క్షణాన్ని బొమ్మగా నిలపమనండి. అది చేయడం కష్టం, అందుకే మనసు పెట్టి చేస్తారు.

చరిత్రలో లేనిది కల్పిస్తున్నారు. కల్పన తప్పు కాదు, కలిసిపోవడం తప్పు. నాటకం అయ్యాక బోర్డును రెండు భాగాలు చేసి, "పుస్తకంలో ఉన్నది", "మనం ఊహించినది" అని పిల్లల చేతనే విడదీయించండి. ఈ పని ఏ రోజూ మానవద్దు.

సమయం చాలడం లేదు. బెంచీలకు, జట్లకు ఎంత సేపు పడుతోందో ఒక వారం గడియారం పెట్టి చూడండి. జారిపోతున్న నిమిషాలు చాలావరకు అక్కడే ఉంటాయి.

తల్లిదండ్రులు ఆటలే ఆడిస్తున్నారంటున్నారు. నోటు పుస్తకంలోని రాత చూపించండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా కళలతో కలిపిన బోధనను, కథల ద్వారా బోధనను సిఫారసు చేసిందని చెప్పవచ్చు, కానీ పిల్లవాడు తన చేత్తో రాసిన పేరాకే వారు ఎక్కువ విలువ ఇస్తారు.

## 11. ఎంత నేర్చారో చూడడం

నటనకు మార్కులు వేయవద్దు. వేసిన మరుక్షణం పిల్లలు మీ వైపు తిరిగి నటిస్తారు. మూడు విషయాలు మాత్రమే చూడండి: పాత్ర నిర్ణయానికి పాఠంలోని కారణం చెప్పగలుగుతున్నారా, ఎదుటి పాత్ర వాదనను తమ మాటల్లో చెప్పగలుగుతున్నారా, ఊహను వాస్తవం నుంచి విడదీయగలుగుతున్నారా. జట్టుకు ఒక పేజీ చొప్పున చిన్న పుస్తకం పెట్టుకుని, ఒక్క పీరియడ్‌లో రెండు జట్లనే గమనించి రాసుకోండి. అందరినీ ఒకే రోజు గమనించాలని చూస్తే ఎవరినీ గమనించలేము. నిర్మాణాత్మక మూల్యాంకనం (ఎఫ్.ఏ.)లో పిల్లల భాగస్వామ్యాన్ని, ప్రతిస్పందనలను నమోదు చేయవలసి వచ్చినప్పుడు ఈ పేజీలే ఆధారమవుతాయి.

వారం తరువాత, ముందుగా చెప్పకుండా, బోర్డు మూల రాసిన అదే ప్రశ్నను అయిదు నిమిషాల రాత పరీక్షగా ఇవ్వండి. నాటకం జరిగిన రోజు రాసిన జవాబును పక్కన పెట్టి చదవండి. కారణాలు తగ్గిపోయి "చాలా బాగుంది, మళ్లీ ఆడిద్దాం" అన్నదే మిగిలితే, తరువాతిసారి నాటకంలో అయిదు నిమిషాలు కోసి రాతకు కలపండి.